పుస్తకం ఇబ్బంది పెడుతుందట... ఎవరిని?

2012 జనవరి. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టూసాన్ నగరం. ప్రభుత్వ హైస్కూళ్లలోని కొన్ని క్లాసుల్లోకి సిబ్బంది అట్టపెట్టెలు పట్టుకొని వచ్చారు. అల్మారాల్లోంచి ఏడు రకాల పుస్తకాలు తీసి పెట్టెల్లో సర్ది, పైన చీటీలు అంటించి గోదాముకు తరలించారు. కొన్నిచోట్ల పిల్లలు బెంచీల మీద కూర్చుని ఉండగానే ఇది జరిగింది. వెళ్లిపోయిన వాటిలో పావ్లో ఫ్రెయిరీ రాసిన ‘పెడగాజీ ఆఫ్ ది అప్రెస్డ్’ ఉంది. మెక్సికన్ అమెరికన్ల చరిత్ర మీద రొడాల్ఫో అకున్యా రాసిన ‘ఆక్యుపైడ్ అమెరికా’ ఉంది. కొలంబస్ రాకను స్థానిక తెగల వైపు నుంచి చూపించే ‘రీథింకింగ్ కొలంబస్’ కూడా ఉంది.

ఆ క్లాసుల్లో కూర్చున్న వాళ్లలో ఎక్కువమంది మెక్సికన్ మూలాలున్న పిల్లలే. ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లిష్. పుట్టింది అమెరికాలోనే అయినా ‘మీరు ఎక్కడి నుంచి వచ్చారు’ అన్న ప్రశ్న మాత్రం తప్పదు. ఈ సంగతి హైదరాబాద్ పాతబస్తీలోనో, కర్నూలులోనో, గుంటూరులోనో ఉన్న ముస్లిం ఇంటికి వివరించి చెప్పనక్కర్లేదు.

టూసాన్ కథను కొంచెం తీరిగ్గా తెలుసుకోవాలి. జాతి వివక్ష గురించి, గుర్తింపు గురించి దాపరికం లేకుండా మాట్లాడే సాహిత్యం బడిలో ఉండాలా వద్దా అన్న చర్చలో ఇరుపక్షాలూ చెప్పే మాటలన్నీ ఈ ఒక్క ఊరిలో వరసగా పరీక్షకు నిలబడ్డాయి. చివరికి కోర్టు మెట్లు కూడా ఎక్కాయి.

ఒక ఉపన్యాసం, ఒక చట్టం

టూసాన్ స్కూళ్లలో మెక్సికన్ అమెరికన్ స్టడీస్ కార్యక్రమం 1998లో మొదలైంది. ఆ పిల్లలు చదువులో వెనకబడుతున్నారు, మధ్యలోనే బడి మానేస్తున్నారు. వాళ్ల ఇళ్ల గురించి, వాళ్ల తాతల గురించి, వాళ్లు ఎదుర్కొనే అవమానాల గురించి రాసిన సాహిత్యాన్నీ చరిత్రనూ మామూలు సిలబస్‌తో కలిపి చెబితే బడి మీద మనసు నిలుస్తుందేమో అన్నది ఆలోచన. ఈ క్లాసుల్లో షేక్‌స్పియర్ కూడా ఉన్నాడు. ‘ది టెంపెస్ట్’ నాటకంలో ద్వీపం పోగొట్టుకున్న కాలిబన్ వైపు నుంచి కథను చూడమని టీచర్లు అడిగేవాళ్లు.

2006లో డొలొరెస్ హువెర్టా అనే పేరున్న కార్మిక నాయకురాలు టూసాన్ హైస్కూల్‌కు వచ్చి మాట్లాడారు. రిపబ్లికన్ పార్టీ వాళ్లు లాటినోలను ద్వేషిస్తారన్న అర్థంలో ఒక మాట అన్నారు. బడి పిల్లల ముందు అలా అనడం తప్పు కాదా? అభ్యంతరం చెప్పే హక్కు ఎవరికైనా ఉంటుంది. రాష్ట్ర విద్యాశాఖ అధిపతి టామ్ హార్న్ బదులు చెప్పడానికి తన డిప్యూటీని పంపారు. పిల్లలు నోటికి టేపు అంటించుకొని, లేచి నిలబడి, వెనుదిరిగి బయటకు నడిచారు. హార్న్‌కు అది అమర్యాదగా కనిపించింది. వాళ్లకు ఈ అమర్యాద నేర్పింది ఆ క్లాసులేనని తేల్చుకున్నారు.

నాలుగేళ్ల తర్వాత, 2010లో చట్టం వచ్చింది. ఏ పాఠమూ ఒక జాతి మీద గానీ, వర్గం మీద గానీ పగ పెంచకూడదు, ఒకే జాతి పిల్లల కోసం ప్రధానంగా తయారై ఉండకూడదు, పిల్లల్ని వ్యక్తులుగా చూడాలే తప్ప జాతి ఐక్యతను బోధించకూడదు అని అందులో రాశారు. కాగితం మీద చదివితే ఎవరూ కాదనలేని మాటలే. చిక్కేమిటంటే, నల్లజాతి వాళ్లను బానిసలుగా అమ్మారని చెబితే అది చరిత్రా, పగ పెంచడమా అన్నది చట్టం అమలు చేసేవాడి చేతిలో ఉంటుంది. హార్న్ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన జాన్ హప్పెంథాల్ బయటి సంస్థతో ఆడిట్ చేయించారు. క్లాసుల్లో చట్టాన్ని ఉల్లంఘించిన ఆధారమేదీ కనిపించలేదని 2011లో ఆడిట్ తేల్చింది. ఆయన ఆ నివేదికను పక్కన పెట్టి, ఉల్లంఘన జరిగిందనే ప్రకటించారు. కార్యక్రమం ఆపకపోతే రాష్ట్రం ఇచ్చే నిధుల్లో పది శాతం, అంటే ఏడాదికి సుమారు కోటిన్నర డాలర్లు కోసేస్తామన్నారు. స్కూల్ బోర్డు దిగివచ్చింది. అట్టపెట్టెలు క్లాసుల్లోకి వచ్చాయి.

నిషేధం వచ్చాక ఏం జరిగిందో కూడా చూడాలి. హ్యూస్టన్ నుంచి కొందరు రచయితలు 2012 మార్చిలో బస్సెక్కి, దారిపొడవునా ఊళ్లలో ఆగుతూ, తొలగించిన పుస్తకాలను టూసాన్‌కు మోసుకొచ్చారు. పుస్తకాల స్మగ్లర్లు అన్న అర్థం వచ్చేలా తమకు తామే ఓ సరదా పేరు పెట్టుకున్నారు. పుస్తకాన్ని దాచిపెడితే పిల్లలకు దాని మీద ఆసక్తి పెరుగుతుందన్న సంగతి అధికారులకు ఎప్పుడూ ఆలస్యంగానే తెలుస్తుంది.

జడ్జి గారి చిన్నతనం

కేసు ఏళ్లకేళ్లు నడిచింది. ఈలోగా 2014లో ఒక సంగతి బయటపడింది. విద్యాశాఖ అధిపతిగా ఉన్న హప్పెంథాల్ ఇంటర్నెట్‌లో మారుపేర్లతో వ్యాఖ్యలు రాస్తున్నారు. స్పానిష్ రేడియో ఉండొద్దు, స్పానిష్ హోర్డింగులు ఉండొద్దు, స్పానిష్ టీవీ ఉండొద్దన్న ధోరణిలో ఉన్నాయి అవి. ఆయన విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకొని క్షమాపణ చెప్పారు. కానీ ఆ రాతలు కోర్టు రికార్డులోకి వెళ్లాయి.

2017 ఆగస్టులో తీర్పు వచ్చింది. ఆ క్లాసులను మూయించడం వెనుక ఉన్నది పిల్లల మేలు కాదు, జాతి విద్వేషం, రాజకీయ లాభం అని ఫెడరల్ జడ్జి తేల్చారు. విద్యార్థుల రాజ్యాంగ హక్కులకు భంగం కలిగిందన్నారు. ఆ జడ్జి పేరు అట్సుషి వాలెస్ తషిమా. జపనీస్ మూలాలున్న అమెరికన్. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ముఖం ఉన్న పాపానికి లక్షా ఇరవై వేల మందిని అమెరికా ప్రభుత్వం ఇళ్లు ఖాళీ చేయించి ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టింది. వాళ్లలో ఎక్కువమంది అక్కడే పుట్టిన పౌరులు. చిన్న పిల్లవాడైన తషిమా కూడా ఆ కంచె వెనకే కొన్నాళ్లు గడిపారు. ఆ శిబిరం పోస్టన్‌లో ఉండేది. పోస్టన్ ఉన్నది అరిజోనాలోనే.

తీర్పు రాసిన జడ్జి వాదించింది చట్టం మీదా, ఆధారాల మీదా. ఆయన చిన్నతనం తీర్పుకు కారణం అనడం సరికాదు. అయితే ఆ శిబిరాల సంగతి అమెరికా పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండేది కాదు. శిబిరాల్లో పెరిగినవాళ్లు పెద్దయ్యాక కథలుగా, జ్ఞాపకాలుగా రాసుకుంటేనే దేశానికి తెలిసింది. 1988లో ప్రభుత్వం అధికారికంగా క్షమాపణ చెప్పి, బతికున్న బాధితులకు తలా ఇరవై వేల డాలర్లు ఇచ్చింది. సాహిత్యం ఒక్కటే ఈ పని చేసిందని కాదు. అది లేకుండా మాత్రం జరిగేది కాదు.

మరి చదువు సంగతి? అసలు ఆ క్లాసులు పిల్లలకు పనికొచ్చాయా? అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు టూసాన్ పిల్లల మార్కులు, పరీక్షల రికార్డులు తీసి చూశారు. ఈ క్లాసుల్లో చేరేటప్పటికి ఆ పిల్లలు మిగతావాళ్ల కంటే మార్కుల్లో వెనకే ఉన్నారు. తీరా చూస్తే రాష్ట్ర పరీక్ష గట్టెక్కడంలో, హైస్కూల్ పూర్తి చేయడంలో వాళ్లే మెరుగ్గా కనిపించారు. 2014లో అచ్చయిన ఈ అధ్యయనం కోర్టులోనూ చర్చకు వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో తొమ్మిదో తరగతి పిల్లల మీద స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేసిన మరో అధ్యయనంలో హాజరు 21 శాతం పాయింట్లు పెరిగిందని తేలింది. ఆ లెక్కల పద్ధతిని తర్వాత కొందరు తప్పుబట్టారు, కాబట్టి దాన్ని చివరి మాటగా పట్టుకోనక్కర్లేదు. ఈ క్లాసులు పిల్లల్ని చెడగొట్టాయని వాదించినవాళ్లు మాత్రం టూసాన్‌లో ఒక్క అంకె కూడా చూపించలేకపోయారు.

‘ఇబ్బందిగా ఉంది’

టూసాన్ తర్వాత గొడవ సద్దుమణగలేదు సరికదా, 2021 నుంచి అమెరికా అంతటా పాకింది. పెన్ అమెరికా అనే రచయితల సంస్థ లెక్క ప్రకారం 2023-24 విద్యాసంవత్సరంలోనే స్కూళ్లలో పుస్తకాలు తొలగించిన సందర్భాలు 10,046. ఒక్కో ఊరిలో ఒక్కో కారణం చెప్పారు. కానీ కలిపి చూస్తే అన్నింటిలో వినిపించే మాట ఒకటే: పిల్లలకు ఇబ్బందిగా ఉంటుంది.

మిసిసిపీ రాష్ట్రంలోని బిలాక్సీలో 2017లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలను ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి తీసేసినప్పుడు చెప్పిన కారణం అదే. అందులోని భాష జనాన్ని ఇబ్బంది పెడుతోందట. చేయని నేరానికి ఒక నల్లజాతి యువకుడికి తెల్లవాళ్ల జ్యూరీ శిక్ష వేసే కథ అది. ఇబ్బంది పెట్టకపోతే దానిలో ఏదో లోపం ఉన్నట్టు. విమర్శలు రావడంతో, తల్లిదండ్రులు సంతకం పెట్టిన పిల్లలకు చెప్పవచ్చని తర్వాత మెట్టు దిగారు. ఈ నవలకు ఇది కొత్త కాదు. 1966లో వర్జీనియాలో ఒక బోర్డు దీన్ని అనైతికమంటూ నిషేధిస్తే, రచయిత్రి హార్పర్ లీ పది డాలర్ల చెక్కు పంపి, బోర్డు సభ్యులను ఒకటో తరగతిలో చేర్పించడానికి ఈ డబ్బు వాడమని పత్రికకు రాశారు.

టెనెసీలోని మెక్‌మిన్ కౌంటీ 2022 జనవరిలో ‘మౌస్’ను తీసేసింది. హిట్లర్ శిబిరాల్లోంచి బతికి బయటపడ్డ తన తండ్రి కథను ఆర్ట్ స్పీగెల్‌మన్ బొమ్మల్లో చెప్పిన పుస్తకం అది. పులిట్జర్ పొందింది. బోర్డు పదిమందికి పదిమందీ తొలగించాలనే ఓటేశారు. కారణం? ఎనిమిది బూతు మాటలు, ఒక నగ్న చిత్రం. అరవై లక్షల మందిని చంపిన ఘోరం గురించి చెప్పే పుస్తకంలో పెద్దల కళ్లకు ఆనింది ఆ ఎనిమిది మాటలు.

ఇక్కడ అవతలి పక్షం వాదనలో నిజంగా బలమున్నది కూడా ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని మకిల్టియోలో 2022లో ‘మాకింగ్‌బర్డ్’ను తప్పనిసరి జాబితా నుంచి తీయమని కోరింది టీచర్లే. వాళ్ల అభ్యంతరం వేరు. నల్లవాళ్ల బాధ గురించిన కథలో మంచివాడు తెల్ల లాయరు, మాట్లాడేది తెల్ల లాయరు, నేర్చుకునేది తెల్ల పిల్ల. నల్లజాతి మనిషి మాత్రం మౌనంగా బాధపడి చచ్చిపోతాడు. క్లాసులో ఉన్న ఒకరిద్దరు నల్లజాతి పిల్లలు ఆ తిట్టుమాట పైకి చదువుతుంటే వింటూ కూర్చోవాలి, అందరూ ఓరగా వాళ్లనే చూస్తుంటారు. ఈ మాటలో నిజం ఉంది. అక్కడ కూడా పుస్తకాన్ని నిషేధించలేదు, చెప్పాలనుకునే టీచరు చెప్పుకోవచ్చన్నారు. అంటే దాపరికం లేని సాహిత్యం అంటే తిట్లున్న సాహిత్యం కాదు. అవమానం పడ్డవాడే నోరు తెరిచి చెప్పింది. టోనీ మోరిసన్ 1970లో రాసిన ‘ది బ్లూయెస్ట్ ఐ’లో నీలికళ్లు ఉంటే తనను అందరూ ప్రేమిస్తారని నమ్మే నల్లజాతి చిన్నపిల్ల ఉంటుంది. ఆ నవలలో చిన్నపిల్ల మీద జరిగే ఘోరం ఉంది, పన్నెండేళ్ల పిల్లల చేతిలో పెట్టేది కాదు. పదిహేడేళ్ల పిల్లలతో మాత్రం చదివించాల్సిందే. ‘అమ్మాయి కొంచెం నలుపు’ అని పెళ్లిచూపుల్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే ఇళ్లలో, ఫెయిర్ అండ్ లవ్లీ డబ్బా మీద పేరు మార్చడానికి 2020 దాకా ఆగిన దేశంలో ఆ కథ పరాయిది కాదు.

ఆ మాటకొస్తే మక్తబ్‌లో హజ్రత్ బిలాల్ (రజి) వాఖియా వినకుండా పెరిగిన ముస్లిం పిల్లలుండరు. ఆరేడేళ్ల పిల్లలకు చెబుతారు. కాలే ఇసుక, ఛాతీ మీద బండరాయి, యజమాని ఉమయ్యా పేరు, ఏదీ దాచరు. ఆ వాఖియా పిల్లల్ని ఇబ్బంది పెడుతుందని ఏ అమ్మీ అనుకోలేదు. పిల్లవాడు ఆ కథలో బిలాల్ వైపే నిలబడతాడు, ఉమయ్యా వైపు కాదు.

ముస్లిం తల్లిదండ్రులు ఏ వైపు?

ఇది ముస్లిం కుటుంబాలకు సూటిగా తగిలే ప్రశ్న. ఎందుకంటే అమెరికాలో పుస్తకాల మీద అభ్యంతరం చెప్పినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. అరబ్బు మూలాలున్న ముస్లింలు ఎక్కువగా ఉండే మిషిగన్‌లోని డియర్‌బర్న్‌లో 2022 అక్టోబరులో వందలమంది తల్లిదండ్రులు స్కూల్ బోర్డు సమావేశాలకు వచ్చి, స్వలింగ సంబంధాల గురించిన పుస్తకాలు తీసేయమన్నారు. మేరీల్యాండ్‌లో ఒక ముస్లిం జంట, కొన్ని క్రైస్తవ కుటుంబాలు కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. అలాంటి కథలు చెప్పేటప్పుడు తమ పిల్లల్ని క్లాసు నుంచి బయటకు పంపే వీలు కావాలన్నారు. 2025 జూన్ 27న కోర్టు 6-3తో వాళ్ల వైపే మొగ్గింది.

ఈ రెండింటి మధ్య తేడా చాలామంది గమనించరు. మేరీల్యాండ్ తల్లిదండ్రులు అడిగింది మా పిల్లవాడికి వద్దు అని. పుస్తకమే ఉండకూడదు, పక్కింటి పిల్లవాడు కూడా చదవకూడదు అనడం వేరు. మొదటిది తల్లిదండ్రుల హక్కు. రెండోది అధికారం. ఆ అధికారాన్ని ఒకసారి బోర్డు చేతికి ఇచ్చాక అది ఎటు తిరుగుతుందో చెప్పలేం. పెన్సిల్వేనియాలోని సెంట్రల్ యార్క్‌లో 2020 చివర్లో బోర్డు ఒక పెద్ద జాబితానే ఆపేసింది. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత జాతి వివక్ష గురించి పిల్లలకు చెప్పడానికి టీచర్లు తయారు చేసుకున్న జాబితా అది. అందులో రోజా పార్క్స్ మీద చిన్నపిల్లల పుస్తకం ఉంది, మలాలా ఆత్మకథ ఉంది. హైస్కూల్ విద్యార్థులు నల్లబట్టలు వేసుకుని రోజూ పొద్దున్నే బడి బయట నిలబడ్డారు. 2021 సెప్టెంబరులో బోర్డు వెనక్కి తగ్గింది.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు కూర్చునేది కూడా ఇవే క్లాసుల్లో. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథ్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన 32 ఏళ్ల ఇంజనీరును ఒక తెల్లజాతి వ్యక్తి బార్‌లో కాల్చి చంపాడు. నా దేశం వదిలి పొమ్మని అరిచాడు. తాను కాల్చింది ఇరానీయులను అనుకున్నాడు. చనిపోయినవాడు ముస్లిం కాదు. కానీ చంపినవాడి కళ్లలో ఆ రంగు, ఆ ముఖం ఉన్నవాళ్లంతా ఒకటే. అలాంటి మనిషి పదహారేళ్ల వయసులో బడిలో ఏం చదివాడు, ఎవరి కథ విన్నాడు, ఎవరి కథ అసలు వినలేదు అన్న ప్రశ్న అప్పట్లో పెద్దగా ఎవరూ వేయలేదు.

హమీద్ చిమ్టా, జుమ్మా ఫోను

ఇక ఇక్కడి సంగతి. 2022లో సీబీఎస్ఈ పదో తరగతి సిలబస్‌లో మతతత్వం మీద ఉన్న పాఠం నుంచి ఫైజ్ అహ్మద్ ఫైజ్ పంక్తులను తీసేశారు. అంతకు ముందటేడు ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇంగ్లిష్ సిలబస్ నుంచి మహాశ్వేతాదేవి ‘ద్రౌపది’ కథనూ, దళిత రచయిత్రులు బామ, సుకీర్తరాణి రచనలనూ తొలగించింది. అక్కడా ఇక్కడా ఒకే రకం చేతులు, ఒకే రకం సాకులు.

తొలగించడానికైనా ముందు పుస్తకంలో ఉండాలి కదా! పదో తరగతి పూర్తి చేసిన పిల్లల్ని అడిగి చూడండి, బడిలో చదివిన ముస్లిం ఇంటి కథ ఏదైనా గుర్తుందా అని. చాలామంది చెప్పేది హిందీ వాచకంలోని ప్రేమ్‌చంద్ ‘ఈద్‌గాహ్’. పండగ డబ్బులతో బొమ్మలు కొనుక్కోకుండా దాదీ చేతులు కాలకూడదని చిమ్టా కొనే హమీద్ కథ. మంచి కథే. చదివి కళ్లు చెమర్చని టీచరుండరు. అందులో ఎవరికీ ఇబ్బంది లేదు. హమీద్ పేదవాడు, మంచివాడు, చిన్నవాడు. వాడిని ఎవరూ ‘పాకిస్తాన్‌కు పో’ అనరు.

బయట మాత్రం అంటున్నారు. నాజియా ఎరమ్ 12 నగరాల్లో 145 కుటుంబాలతో మాట్లాడి రాసిన ‘మదరింగ్ ఎ ముస్లిం’ నిండా ఇవే కథలు. ఫీజులు లక్షల్లో ఉండే పేరున్న బడుల్లో కూడా తోటిపిల్లలే టెర్రరిస్ట్ అని, పాకిస్తానీ అని పిలుస్తున్నారు. 2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక టీచరు ఏడేళ్ల ముస్లిం పిల్లవాడిని నిలబెట్టి, మిగతా పిల్లలతో వంతులవారీగా చెంపదెబ్బలు కొట్టించిన వీడియో దేశమంతా చూసింది. సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని గట్టిగా మందలించింది. చర్చంతా దెబ్బలు తిన్న పిల్లవాడి చుట్టూ తిరిగింది, తిరగాల్సిందే. కొట్టిన పిల్లల సంగతేమిటి? వాళ్లూ అదే వయసు. వాళ్లకు అతని ఇల్లు ఎలా ఉంటుందో, వాళ్ల అమ్మ ఏం వండుతుందో, సాయంత్రం అతను ఎక్కడ ఆడుకుంటాడో చెప్పిన కథ ఒక్కటీ ఆ బడిలో ఎదురుపడి ఉండదు.

తెలుగులో అలాంటి రచనలు లేక కాదు. ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత ‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చింది. దేశద్రోహి అన్న అనుమానాన్ని ఒంటి మీద పుట్టుమచ్చలా మోస్తున్న మనిషి గొంతు అది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ కవితా సంకలనం, 2004లో ‘వతన్’ కథా సంకలనం వచ్చాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు యాసలో ముస్లిం ఇంటి పిల్లవాడి అల్లరిని, పేదరికాన్ని నవ్విస్తూ చెప్పాయి. షాజహానా కవిత్వం బురఖా లోపలి ఆడపిల్ల ప్రశ్నలను బయటపెట్టింది. ముప్పై ఏళ్ల పైబడిన సాహిత్యం ఇది. విశ్వవిద్యాలయాల్లో దీని మీద పరిశోధనలు చేస్తున్నారు. హైస్కూల్ పిల్లవాడికి మాత్రం ఈ పేర్లు తెలియవు.

ఈ రచనలు ముస్లింలను పొగడ్డానికి రాసినవి కావన్నది కూడా చెప్పాలి. దూదేకుల ఇంటివాళ్లను ఉర్దూ రాదని సాటి ముస్లింలే చిన్నచూపు చూడటం వాటిలో ఉంది. సంబంధాల దగ్గర షేక్, సయ్యద్ లెక్కలు ఉన్నాయి. తలాఖ్ పాలైన ఆడవాళ్ల గోడు ఉంది. వీటిని బడిలో చెబితే ఖౌమ్ పరువు పోతుందని అనేవాళ్లు ఇళ్లలోనే ఉన్నారు. బిలాక్సీ బోర్డు సభ్యుడు అన్న మాటకూ దీనికీ తేడా ఏమిటో ఆలోచించుకోవాలి. ఇబ్బంది అవతలివాడికి కలిగినప్పుడు సాహిత్యం, మనకు కలిగినప్పుడు బద్‌నామీ అంటే కుదరదు.

వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథనే తీసుకుంటే, కొడుకు శుక్రవారం నమాజు మానకూడదని ఎప్పుడూ పోరే తల్లి అందులో ఉంటుంది. మక్కా మసీదులో బాంబు పేలాక అదే తల్లి జుమ్మాకు వెళ్లొద్దని కొడుకును బతిమాలుతుంది. పేలుడు జరిగింది 2007 మే 18న, శుక్రవారం. ఆ తర్వాత అనుమానం మీద పోలీసులు పట్టుకెళ్లిన ముస్లిం యువకులు పలువురు కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. ఈ కథలో తిట్లు లేవు, అశ్లీలం లేదు, ఎవరి మీదా పగ లేదు. ఒక అమ్మ భయం ఉంది. ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం కూడా వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒక్క పీరియడ్‌లో చదివేయగలడు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మీటింగుల్లో బాత్రూములు, మధ్యాహ్న భోజనం, ప్రహరీగోడ మీద మాటలు నడుస్తాయి, అవీ కావాల్సినవే. వాచకం మార్చే అధికారం ఆ కమిటీకి లేదు, అది రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి పని. లైబ్రరీ బీరువాలో ఏ పుస్తకాలున్నాయో చూడమని అడగడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. చాలా బళ్లలో ఆ బీరువా తాళం హెడ్మాస్టరు గారి సొరుగులో ఉంటుంది.

టూసాన్ చట్టానికి మూలపురుషుడైన టామ్ హార్న్ 2022 ఎన్నికల్లో గెలిచి, మళ్లీ అరిజోనా విద్యాశాఖ అధిపతి కుర్చీలో కూర్చున్నారు. కొన్ని నెలలకే, పాఠాల్లో జాతి గురించి అభ్యంతరకరమైనది ఏదైనా చెబుతుంటే ఫిర్యాదు చేయమంటూ తల్లిదండ్రుల కోసం ఒక ఫోన్ నంబరు పెట్టారు.